నీళ్ల కింద ఉన్న ఊరి పేరేంది?

ఈ ఎపిసోడ్ మా మహమ్మద్ నగర్ నుంచే చేస్తున్నా. బాన్సువాడ దగ్గర. మా దిక్కు వరికి నీళ్లు అంటే నిజాంసాగరే, మీకు తెలుసు కదా.

మంజీరా మీద ఆ డ్యామ్ పని 1923లో మొదలైంది, 1931లో పూర్తయింది. నిజాం పేరు డ్యామ్‌కే ఉంది. కట్టిన ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజు, జూలై 11, తెలంగాణ ఇంజనీర్స్ డే. బాగుంది, ఆయనను గుర్తు పెట్టుకోవాల్సిందే. మరి ఆ నీళ్లలో మునిగిన ఊళ్లు?

మా బాపమ్మ వాళ్లమ్మ పుట్టింది అట్లాంటి ఊర్లోనే. పేరేందని అడిగితే బాపమ్మ చాలాసేపు ఆలోచించింది. "మా అమ్మ పాత ఊరు, పాత ఊరు అనేది బిడ్డా. పేరు యాదికొస్తలేదు" అన్నది. నిజం చెప్తున్నా, నాకు మాట రాలేదు. వందేళ్లు కూడా కాలేదు ఇంకా!

హైదరాబాద్‌లో పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంకు స్కూల్ టూర్‌లో పోయినం. అక్కడ ఈజిప్టు నుంచి తెచ్చిన మమ్మీ ఉంది. అందరం దాని ముందటే నిలబడ్డం. తప్పు కాదు, నాకూ నచ్చింది. కానీ ఎక్కడి అమ్మాయో రెండు వేల ఏళ్ల తర్వాత కూడా మనకు గుర్తుంది, మా ముత్తవ్వ ఊరు లేదు. అద్దాల పెట్టెలో ఏం పెట్టాలో ఎవరో ఒకరు డిసైడ్ చేస్తారు. మనకు గుర్తుండేది కూడా చాలావరకు అదే.

ఇంకోటి ఉంది, తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్. మొఘలుల కాలం నుంచి కాయితాలు ఉన్నాయి అక్కడ. నిజాం సర్కారు రికార్డులు ఎక్కువ ఫార్సీ, ఉర్దూలోనే. మా ఊళ్ల సంగతి దొరికినా నేను చదవలేను. ఉర్దూ చదివే దోస్త్‌ను తోలుకొని పోవాలె. అయినా అది సర్కారు రాసుకున్న లెక్క. ఇల్లు ఇడిసిపెట్టి బండి ఎక్కిన రోజు ఎవరు ఏడ్చిండ్రో అందులో ఎందుకుంటది?

అందుకే నిన్న ఫోన్ ముందు పెట్టి బాపమ్మను మళ్లీ అడిగిన. ఏడు నిమిషాలు మాట్లాడింది. ఊరి పేరు రాలేదు. కానీ వాళ్లమ్మ ఇంటి ముందట చింతచెట్టు ఉండేదట, వచ్చేటప్పుడు తిరగలి మోసుకొచ్చిండ్రట. ఆ తిరగలి మా దొడ్లో ఇంకా ఉంది. దాని మీద కూసొని నేను ఇన్నేళ్లు ఫోన్ చూసిన!

ఫైల్‌కు తేదీ, బాపమ్మ పేరు, మా ఇంటిపేరు పెట్టి సేవ్ చేసిన. మీ ఇంట్లో ఎవరికైనా మంజీరాలో పోయిన ఊళ్ల పేర్లు యాదికుంటే నాకు చెప్పండి. బాపమ్మకు ఒక్కొక్కటి చదివి వినిపిస్తా.