అమెరికాలో ఆస్ట్రియావారు, థాయిలాండువారు: కలిమి లెక్క

తెనాలినుండి ఒక శ్రోత ఈమధ్య మాకొక ఉత్తరము వ్రాసిరి. వారి మనుమడు అమెరికాలో అర్థశాస్త్రము చదువుచున్నాడట. ఆ దేశమునకు వలసవచ్చిన ప్రజలలో ఏ దేశమువారి కుటుంబములకు ఎంత ఆదాయమున్నదో తెలుపు పట్టిక యొకటి అతడు తాతగారికి పంపెను. అందులో ఆస్ట్రియావారు చాల పైన నున్నారు. థాయిలాండువారు వారికి ఎంతో దిగువ నున్నారు. "ఇది జాతిగుణమా, దేశగుణమా, లేక అదృష్టమా?" అని తాతగారి ప్రశ్న. ప్రశ్న చిన్నదే. కాని ఇట్టి పట్టికలను చూపి ఒక జాతి కష్టజీవులదనియు, వేరొక జాతి చేతగానివారిదనియు తీర్పు చెప్పువారు నేడు అన్ని దేశములందును ఉన్నారు. ఎవరిని రానీయవలెను, ఎవరిని త్రోసివేయవలెను అను వాదములలో ఈ అంకెలే సాక్ష్యములగుచున్నవి. కావున జవాబు కొంచెము ఓపికగా చెప్పుకొనవలసియున్నది.

ముందు పట్టిక ఎట్లు తయారగునో చూతము. అమెరికా జనగణన శాఖవారు ఏటేట లక్షలకొలది ఇండ్లకు ప్రశ్నపత్రములు పంపి, పుట్టిన దేశము, పూర్వుల దేశము, సంపాదన మొదలగు విషయములను సేకరింతురు. ఒక సమూహమునకు చెందిన కుటుంబములను ఆదాయక్రమమున వరుసగా నిలువబెట్టినచో, సరిగా నడుమ నిలుచు కుటుంబపు ఆదాయమును ఆ సమూహమునకు గుర్తుగా తీసికొందురు. దీనికే మధ్యగత ఆదాయమని పేరు. కోటీశ్వరుడొకడు వచ్చి చేరినంతమాత్రమున లెక్క ఉబ్బిపోకుండుటకు ఇది మంచి ఉపాయము. ఈ విధమున చూచినచో, తమ పూర్వులు ఆస్ట్రియావారని చెప్పుకొను కుటుంబముల ఆదాయము అమెరికా దేశపు మధ్యగతమునకు పైన నుండును. థాయిల ఆదాయము దేశపు మధ్యగతమునకు దరిదాపుగా నుండి, ఆసియావాసులందరిని కలిపి తీసిన మధ్యగతమునకు దిగువ నుండును. కూడికలో తప్పున్నదని నేననను. చిక్కంతయు వరుసల తలపై వ్రాసిన పేర్లలో నున్నది.

ఆస్ట్రియా అను పేరునే తీసికొనుడు. 1918కి పూర్వము అది హాబ్స్‌బర్గు చక్రవర్తుల మహాసామ్రాజ్యములో సగభాగము. చెక్కులు, పోలండువారు, ఉక్రేనియనులు, స్లొవీనులు, గెలీషియా పల్లెలలోని యూదులు, అందరును ఆ పేరుక్రిందనే ఓడలెక్కి న్యూయార్కు రేవున దిగిరి. దిగిన ప్రతివాడును ఆస్ట్రియావాడనియే చిట్టాకెక్కెను. ఈ కలగాపులగమును విడదీయలేకయే అమెరికావారు 1910 జనగణనలో మాతృభాష యేది యను ప్రశ్నను క్రొత్తగా చేర్చవలసివచ్చెను. దీనికి తలక్రిందుగా బుర్గెన్‌లాండు కథ యున్నది. ఆ సీమ 1921 వరకు హంగరీలోనిది. అక్కడి బీదరైతులు భూమి చాలక షికాగో నగరమునకును, పెన్సిల్వేనియాలోని సిమెంటు కర్మాగారములకును పోయిరి. హంగరీవారుగా బయలుదేరిన ఆ కూలీల మనుమలు నేడు ఆస్ట్రియా వరుసలో నున్నారు. తాత కదలలేదు, ఊరు కదలలేదు, సరిహద్దు కదలినది.

ఇది విన్నప్పుడు నాకు మనవారి బర్మా యాత్రలు జ్ఞప్తికి వచ్చును. శ్రీకాకుళము వాడైనను, విశాఖపట్టణము వాడైనను, రంగూనులో తెలుగు కూలీకి 'కోరంగి' యనియే పేరు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవును కన్నెత్తి చూడనివాడును కోరంగియే. ఓడ బయలుదేరిన రేవు జాతి పేరైపోయెను. అట్టి పేరుక్రింద ఎవరైన కలిమి లెక్కలు కట్టియుండినచో, ఆ లెక్క ఏ ఊరివారి దగును?

థాయిలాండు వరుసలో కలగాపులగము ఇంకను విచిత్రము. అమెరికాలో 2000 సంవత్సరపు జనగణన ప్రకారము, థాయిలాండులో పుట్టినవారు సుమారు 1,70,000 మంది. తాము థాయిలమని చెప్పుకొన్నవారు, మిశ్రమసంతతిని కూడ కలిపి, సుమారు 1,50,000 మంది మాత్రమే. ఈ రెండవ సంఖ్యలో అమెరికాలో పుట్టిన పిల్లలును ఉన్నారు సుమా! అనగా థాయిలాండులో పుట్టియు థాయిలు కానివారు వేలసంఖ్యలో ఆ లెక్కలో నున్నారు. వీరెవరు?

1975లో లావోసు దేశమున ప్రభుత్వము మారినప్పుడు, అంతకుముందు అమెరికావారి పక్షమున పోరాడిన హ్మాంగు కొండజాతివారు మెకాంగునది దాటి థాయిలాండు చేరిరి. బాన్ వినాయ్ మొదలగు శిబిరములలో ఏండ్లతరబడి కంచెల వెనుక కాలము గడపిరి. ఆ శిబిరములలో పిల్లలు పుట్టిరి. థాయి ప్రభుత్వము ఆ పిల్లలను తన పౌరులుగా స్వీకరింపలేదు. తరువాత అమెరికా వారిని శరణార్థులుగా తీసికొనినప్పుడు, జన్మదేశము అను గడిలో వ్రాయుటకు వారికి వేరొక పేరు లేదు. వాట్ థామ్ క్రాబోక్ అను బౌద్ధవిహారపు ఆవరణమున తలదాచుకొన్న హ్మాంగులలో ఇంచుమించు 15,000 మందిని 2004 మొదలుకొని అమెరికా చేర్చుకొన్నది. పలువురు మినెసోటా, కాలిఫోర్నియా రాష్ట్రములకు పోయిరి. బర్మానుండి పారిపోయి వచ్చి మే లా శిబిరమున నివసించిన కరెనుల పిల్లల కథయు ఇంతే. పోడుసేద్యము తప్ప వేరు వృత్తి యెరుగని తండ్రి, బడి చూడని తల్లి, నలుగురైదుగురు పిల్లలు, చలిదేశములో క్రొత్తకాపురము: ఈ కుటుంబమును, బాంకాకులో పట్టముపుచ్చుకొని షికాగోలో పనిచేయు వైద్యుని కుటుంబమును ఒకే వరుసలో నిలిపి, నడుమ నున్నవానిని పట్టుకొని, ఇదియే థాయిలాండువారి ఆదాయమని చెప్పుచున్నాము.

మరియొక సంగతి. ఆస్ట్రియా వరుసలో నున్నవారెవరు? 2000 జనగణనలో తమ పూర్వులు ఆస్ట్రియావారని చెప్పినవారు ఏడులక్షలకు పైబడి యుండిరి. నిజముగా ఆస్ట్రియాలో పుట్టినవారు 64,000 లోపున నుండిరి. మిగిలినవారిలో అత్యధికసంఖ్యాకులు మనుమలు, మునిమనుమలు. వారి తాతలు షికాగో కసాయిశాలలలో రక్తపుటడుసు త్రొక్కిన రోజుల కూలి ఈ పట్టికలో లేదు. కనుక వలసవచ్చినవాని సంపాదనను, వలసవచ్చినవాని మనుమని సంపాదనతో పోల్చుచున్నాము. మన యింటిలో నాటిన యేడే కాపు రాలేదని మామిడిమొక్కను తిట్టినట్లున్నది.

ఇక ద్వారముల మాట. 1917 నాటి అమెరికా చట్టము ఆసియాలో ఒక పెద్ద భాగమును నిషిద్ధప్రదేశముగా గీతగీసెను. సయాము, అనగా నేటి థాయిలాండు, ఆ గీతలోపల పడెను. మన దేశమును దానిలోనే యుండెను. 1924 చట్టము ఐరోపా దేశములకు ఏటికింత మంది యని లెక్కగట్టి ఆస్ట్రియాకు 785 మందిని కేటాయించెను. ఆసియావారికి వలసవచ్చు హక్కే లేకుండ చేసెను. 1952లో సయామువంటి దేశములకు ఏడాదికి నూరుమంది చొప్పున తలుపు ఓరగా తెరచిరి. దేశమునుబట్టి మనుష్యులను తూచు ఆ పద్ధతి 1965 చట్టముతో పోయెను. మన తెలుగు వైద్యులును, ఇంజనీర్లును పెద్దసంఖ్యలో అమెరికా పోవుటకు వీలు కల్పించినదియు ఆ చట్టమే. థాయి వైద్యులు, నర్సులు, విద్యార్థులు వచ్చినదియు అప్పుడే.

1938 మార్చిలో హిట్లరు ఆస్ట్రియాను కబళించెను. వియన్నాలోని యూదులు ఆస్తి నప్పగించి, పలాయనపు పన్ను చెల్లించి, ఇంచుమించు వట్టిచేతులతో దేశము విడిచిరి. సుమారు 30,000 మంది అమెరికా చేరిరి. విక్టర్ గ్రూన్ అను శిల్పి ఎనిమిది డాలర్లతో న్యూయార్కులో దిగెనని చెప్పుదురు. పదునెనిమిదేండ్లకు, 1956లో, మినెసోటాలో పైకప్పుగల మొదటి పెద్ద విపణిభవనమును నిర్మించినవాడతడే. వియన్నాలో బొమ్మల దుకాణము నడపిన ఒక యూదుడు బ్రూక్లిన్ పేటలో బట్టల దుకాణము పెట్టుకొనెను. అతని కుమారుడు ఎరిక్ కాండెల్ తొమ్మిదేండ్ల వయస్సున వచ్చి, 2000 సంవత్సరమున వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము పొందెను. వీరి జేబులు ఖాళీయే. కాని చదువు, చేతిపని, పూచీ వ్రాసియిచ్చిన బంధువు, ఆదుకొన్న సంఘములు, ఇవి వెంటనుండెను. పన్ను వసూలుచేసిన అధికారి వీనిని పెట్టెలో వెదకి తీసికొనలేకపోయెను. రాలేక అక్కడనే యుండిపోయినవారి గతి మనకందరకు తెలిసినదే. వారు ఏ పట్టికలోను లేరు.

థాయిల రాక వేరు తీరు. వియత్నాము యుద్ధకాలమున ఉడోన్, కోరాట్, ఉతపావో మొదలగు చోట్ల అమెరికా విమానస్థావరములుండెను. ఆ సైనికులను పెండ్లాడి అనేక థాయి స్త్రీలు అమెరికా వెళ్లి, సైనికపురములలోను చిన్నచిన్న ఊళ్లలోను చెల్లాచెదరుగా స్థిరపడిరి. నేటికిని అమెరికా థాయిలలో స్త్రీలే అధికము. భోజనశాలలు తరువాత వచ్చినవి. ఊరూర థాయి భోజనశాల కనబడుటచే వారందరు సంపన్నులని పలువురు భ్రమింతురు. తెల్లవారకమునుపే కూరలబజారుకు పోయి, అర్ధరాత్రి గిన్నెలు కడిగి తలుపువేయు దంపతులలో ఎవరి పనికి ఎంత కూలి యని ఏ లెక్కలోను ఉండదు.

లాస్ ఏంజిలిస్ నగరము 1999లో ఒక పేటకు థాయి టౌన్ అని అధికారముగా పేరుపెట్టెను. దానికి నాలుగేండ్లు ముందు, ఆ నగరమునకు సమీపమున ఎల్ మాంటే అను ఊరిలో జరిగినది చెప్పక తప్పదు. 1995 ఆగస్టు 2వ తేదీ తెల్లవారుజామున అధికారులు ఒక యిండ్లసముదాయముపై దాడిచేయగా, 72 మంది థాయి కుట్టుపనివారు బయటపడిరి. అత్యధికులు స్త్రీలు. చుట్టును ముళ్లకంచె, వాకిట కాపలా. రోజుకు పదునారు, పదునెనిమిది గంటలు మిషనుముందు కూర్చుండి, పెద్దదుకాణములలో అమ్ముడుపోవు చొక్కాలు కుట్టుచుండిరి. కొందరు ఏడేండ్లనుండి ఆ గడప దాటలేదు. ప్రయాణపు ఖర్చు అప్పు తీరువరకు పనిచేయవలెనని వారిని తెచ్చినవారి కట్టడి. ఆ అప్పు ఎన్నటికిని తీరదు. విడిపించిన తరువాత ప్రభుత్వము మొదట వారిని వలసశాఖ నిర్బంధములో నుంచినది! లాస్ ఏంజిలిస్‌లోని థాయి సంఘసేవకులును న్యాయవాదులును పట్టుపట్టి వారిని బయటకు తెచ్చిరి. ఆ స్త్రీలు దుకాణదారులపైనను, తయారీదారులపైనను వ్యాజ్యము వేసి నలుబదిలక్షల డాలర్లకు పైగా పరిహారము రాబట్టిరి. మనుష్యుల అక్రమరవాణాకు గురియైనవారిని రక్షించు 2000 నాటి అమెరికా చట్టమునకు దారితీసిన సంఘటనలలో ఇదియొకటి. 1990లో జనగణన ఉద్యోగి ప్రశ్నపత్రము చేతబట్టి అట్టి గడపయొద్దకు వచ్చియుండినచో, తలుపు తెరచువాడెవడో, ఏమి చెప్పియుండునో మీరే ఊహింపుడు.

నవ్వుకొనుటకు ఒక మాట. 1829లో చాంగ్, ఎంగ్ అను అతుక్కొని పుట్టిన కవలలు సయాము నుండి అమెరికాకు ప్రదర్శనార్థము కొనిపోబడిరి. తరువాత వారు స్వతంత్రులై, ఉత్తర కరొలైనాలో భూములు కొని, అక్కాచెల్లెండ్రను పెండ్లాడి, బానిసలను కూడ పెట్టుకొని సంపన్నులైన రైతులుగా నుండిరి. ఆ రోజులలో పట్టిక వేసినచో సయామువారు ఆస్ట్రియావారిని మించిపోయెడివారేమో!

తెనాలి శ్రోతకు ఒక కార్డు వ్రాసితిని. పట్టిక చెప్పినది నిజమే, ఆస్ట్రియా పేరుగల కుటుంబములకు ఆదాయము ఎక్కువ, అని అందులో ఒప్పుకొంటిని. మనుమనికి మాత్రము ఒక పని అప్పగింపుడని కోరితిని: అదే శాఖవారి లెక్కలలో, థాయిలాండులో పుట్టినవారిలో ఇంటిలో హ్మాంగు భాష మాటలాడువారెందరో విడదీసి, వారిని తీసివేసిన పిమ్మట థాయి వరుస ఎంత పైకి జరుగునో చూచి వ్రాయవలెనని. అతని జవాబు వచ్చినచో ఈ వేళకే మీకు వినిపింతును.