కంటికి కనపడని పొడి: మేలెంత, కీడెంత?



"నానో" అన్న మాట ఈ మధ్య మన ఇళ్ళలోకి చాలా దారుల్లో వచ్చింది. మంచినీళ్ళ ఫిల్టరు అట్టపెట్టె మీద, ముఖానికి రాసుకునే క్రీము మీద, పిల్లల మేజోళ్ళ మీద, చివరికి ఆసుపత్రిలో వాడే మందుల గురించి చెప్పేటప్పుడు కూడా వినపడుతోంది. ఆ మాట చూడగానే కొందరు ఇదేదో గొప్ప సరుకని కొనేస్తారు. మరికొందరు ఇదేదో ప్రమాదమని జంకుతారు. రెండూ తొందరపాటే. ఈ వేళ ఆ మాట వెనక వున్న సంగతేమిటో నింపాదిగా చూద్దాం.

నానోమీటరు అనేది ఒక కొలత. మీటరు పొడవును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. మన తలవెంట్రుక మందమే సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు వుంటుంది. 100 నానోమీటర్లలోపు రేణువులను నానో రేణువులని అంటారు. పరమాణువులను ఒక్కొక్కటిగా పేర్చి వస్తువులు చేయవచ్చునని 1959లోనే అమెరికా శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్ ఒక ఉపన్యాసంలో చెప్పాడు. "నానోటెక్నాలజీ" అన్న పేరు 1974లో జపాను శాస్త్రజ్ఞుడు నోరియో తనిగుచి పెట్టాడు.

సరే, వస్తువు ఇంత చిన్నదయితే ఏమవుతుంది? దీనికి జవాబు మన వంటింట్లోనే వుంది. ఎండు మిరపకాయ పళ్ళెంలో పెట్టి వుంచితే ఎవరినీ ఏమీ అనదు. అదే రోట్లో వేసి దంచండి. ఇల్లంతా తుమ్ములూ, దగ్గులూను! కాయ అదే, గుణం అదే. కాని మెత్తగా అయిన కొద్దీ దాని పైభాగం ఎక్కువగా బయటపడుతుంది, గాలిలో తేలుతుంది, ముక్కులోకి పోతుంది. ఆ కారాన్నే నూనెలో కలిపి ఆవకాయ పెట్టామనుకోండి, మళ్ళీ ఎగరదు, ఎవరికీ తుమ్ములు రావు. ఈ మూడు స్థితులూ గుర్తుపెట్టుకుంటే నానో రేణువుల మంచిచెడ్డలు సగం అర్థమయినట్లే.

అయితే ఒక తేడా వుంది. మిరపకాయను ఎంత దంచినా కారంగానే వుంటుంది. నానో కొలతకు వచ్చేసరికి కొన్ని వస్తువుల స్వభావమే మారిపోతుంది. పచ్చగా మెరిసే బంగారం ఆ కొలతలో ఎర్రగా కనిపిస్తుంది. గర్భం నిలిచిందో లేదో ఇంట్లోనే చూసుకునే పరీక్ష పట్టీలు వున్నాయి కదా? వాటిలో చాలా వాటి మీద కనిపించే ఆ ఎర్ర గీత బంగారపు నానో రేణువులదే!

ఇక వైద్యం సంగతి. కాన్సరుకు వాడే డాక్సోరుబిసిన్ అనే మందు చాలా బలమైనది. కాని అది గుండెను దెబ్బ తీస్తుందని డాక్టర్లు జాగ్రత్తగా కొలిచి ఇస్తారు. ఆ మందునే కొవ్వుపొరతో చేసిన సుమారు 100 నానోమీటర్ల బుడగల్లో పెట్టి ఎక్కించే పద్ధతి వచ్చింది. 1995లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది. కాన్సరు గడ్డల్లోని రక్తనాళాల గోడల్లో సందులు ఎక్కువ. ఆ సందుల్లోంచి బుడగలు లోపలికి జారతాయి. గుండె కండరంలోకి మందు తక్కువగా చేరుతుంది. అండాశయ కాన్సరుకు ఈ మందు వాడుతున్నారు. అందుకని దీనిలో కష్టమే లేదనుకోకండి. అరచేతులూ, అరికాళ్ళూ ఎర్రబడి, మంటపెట్టి, పొట్టు లేవడం ఈ బుడగల మందుతో ఎక్కువ. ఒక చోట కష్టం తగ్గి, మరొక చోట వచ్చిందన్నమాట. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి చికిత్స జరుగుతుంటే భయపడి మానిపించకండి. ఏ లక్షణం కనపడితే వెంటనే చెప్పాలో డాక్టరుగారిని ముందుగానే అడిగి తెలుసుకోండి.

కరోనా టీకాల్లో ఫైజర్, మోడెర్నా కంపెనీలవి కూడా ఇలాంటి కొవ్వు బుడగల మీద ఆధారపడ్డవే. వాటిలోని ఆర్.ఎన్.ఎ. అనే పదార్థం చాలా సున్నితమైనది. బుడగ రక్షణ లేకపోతే ఒంట్లోకి పోగానే చెదిరిపోతుంది. అమెరికాలో వున్న మన పిల్లల్లో చాలామంది వేయించుకున్నవి ఆ టీకాలే. ఇక్కడ మనం ఎక్కువగా వేయించుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్ ఆ రకం కావు.

ఇంట్లో వాడే వాటిల్లో వెండిని తీసుకుందాం. వెండి సూక్ష్మక్రిములను చంపుతుంది. 2009లో వచ్చిన టాటా స్వచ్ఛ్ ఫిల్టరులో వరి ఊక బూడిదకు వెండి నానో రేణువులను పట్టించారు. కరెంటు లేకుండానే నీళ్ళు శుభ్రపడతాయి. మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యులు టి. ప్రదీప్, వారి సహచరులు వెండి, బంగారపు రేణువులతో నీటిలోని పురుగుమందుల అవశేషాలను తొలగించే పద్ధతి కనిపెట్టారు. ఇక్కడ రేణువు ఫిల్టరులో అంటుకుని వుంటుంది. అంటే ఆవకాయలో కారం లాగ!

మరి మేజోళ్ళ మాటేమిటి? చెమట వాసన రాకుండా వెండి పట్టించిన మేజోళ్ళను అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు నీళ్ళలో ఉతికి చూశారు. వారి ఫలితాలు 2008లో వెలువడ్డాయి. కొన్ని రకాలు కొద్ది ఉతుకుల్లోనే వెండిని చాలావరకు నీళ్ళలోకి వదిలేశాయి. డబ్బు పెట్టి కొన్న గుణం మురిక్కాలవలో కలిసిందన్నమాట! అంతటితో అయిపోలేదు. మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రాల్లో ఆ పని చేసేవి సూక్ష్మజీవులే. వెండికి మంచి క్రిమి, చెడ్డ క్రిమి అన్న విచక్షణ ఏముంటుంది? ఇక వెండి కలిపిన నీళ్ళను సర్వరోగ నివారిణి అని తాగమనేవాళ్ళ మాట వినకండి. ఎక్కువ కాలం తాగితే ఒళ్ళు బూడిద నీలం రంగుకు తిరుగుతుంది. ఆ రంగు మళ్ళీ పోదు.

తినే వాటిలో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లరంగు వుంది. చూయింగ్ గమ్, కొన్ని మిఠాయిల పైపూతల్లో వాడేవారు. దానిలో కొంత భాగం నానో రేణువులే. అది జీవకణాల్లోని జన్యుపదార్థానికి హాని చేయదని చెప్పలేమని యూరపు ఆహార భద్రతా సంస్థ 2021లో తేల్చింది. 2022లో అక్కడ ఆహారంలో దాన్ని నిషేధించారు. అన్ని దేశాలూ ఆ దారి పట్టలేదు. పొట్లం మీద 171 అన్న అంకె దానిదే. తెల్లదనం కోసం తప్ప రుచికీ, బలానికీ పనికిరాని వస్తువు పిల్లలకు ఎందుకు పెట్టాలి?

గాలిలో ఎగిరే రేణువులు మరీ ప్రమాదం. బొగ్గుపదార్థంతో చేసే కార్బన్ నానో గొట్టాలు ఎంతో తేలిక, ఎంతో గట్టివి. కాని పొడవైన కొన్ని గొట్టాలు ఎలుకల శరీరంలో ఆస్‌బెస్టాస్ నారలాగే ప్రవర్తించాయని 2008లో ఎడింబరో శాస్త్రజ్ఞులు చూపించారు. ప్లాస్టిక్కులో బిగిసి వున్నంతకాలం వాడేవాళ్ళకు భయం తక్కువ. ఆ పొడి మధ్య రోజంతా నిలబడి పనిచేసే కార్మికుల ఊపిరితిత్తుల సంగతే ఆలోచించాలి. మన సౌకర్యం వెనక వాళ్ళ ఆయుష్షు వుంది.

మరొక మాట. నానో అని ఎవరూ చీటీ అంటించని నానో రేణువులు మనింట్లోనే పుడుతున్నాయి. కట్టెల పొయ్యి పొగలో, దోమల చుట్ట పొగలో, అగరుబత్తి పొగలో, మాడిన నూనె పొగలో వుండేవి అవే. కొత్త క్రీము గురించి కంగారుపడే ముందు వంటింటి కిటికీ తెరుచుకుందాం.

కాబట్టి కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈ రేణువు దేనికైనా అంటుకుని వుందా, విడిగా ఎగురుతుందా? నా ఒంట్లోకి పోతుందా, పైనే వుంటుందా? వాడి పారేశాక ఎక్కడికి చేరుతుంది? ఎండకు రాసుకునే జింకు క్రీము చర్మం పైపొరలోనే వుంటుంది, ఫరవాలేదు. అదే పిచికారీ డబ్బా అయితే ఊపిరితో లోపలికి పోతుంది, వద్దు. ఫిల్టరు మంచిదే, కాని గడువు తీరిన గుళికను మార్చాలి.

చిన్నదనం దానంతట అది మంచీ కాదు, చెడ్డా కాదు. సందులోకి దూరగలిగిన శక్తే రోగం దగ్గరికి మందును చేరుస్తుంది. ఆ శక్తే పోకూడని చోటికి విషాన్నీ చేరుస్తుంది. దారి ఎటు అన్నది అడిగి తెలుసుకోవడం మన వంతు. కూరగాయలు బేరమాడేటప్పుడు ఎన్ని ప్రశ్నలు వేస్తాం! వీటికీ అన్ని వేద్దాం.