ఉద్యోగియా, గుత్తదారుడా?



బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబములు తరతరములుగా స్థిరపడియున్నవి. నిమ్‌పురా యార్డులో గాని, వర్క్‌షాపులో గాని సర్వీసు రిజిస్టరున పేరెక్కినవానికి తానెవరో తెలియును. నెలజీతము, ప్యాసు, క్వార్టరు, సెలవు ఆ పేరును వెన్నంటి వచ్చును. కాని వారి బిడ్డలలో పలువురు నేడు చేరుచున్న కొలువుల తీరు వేరు. ప్రతిదినము ఒకే కార్యాలయమునకు పోవుదురు. ఒకే అధికారి చెప్పిన పని చేయుదురు. నెల కాగానే చేతికి వచ్చు సొమ్మునకు మాత్రము జీతమని గాక ఫీజు అని పేరు. పేరులో నేమున్నదని ఊరకుండుట తగదు. పన్ను లెక్క ఆ పేరునుబట్టియే మొదలగును.

ఈ భేదము స్టేషను ప్లాట్‌ఫారముమీదనే కనుపించును. ఎఱ్ఱచొక్కా తొడిగి సామాను మోయు కూలీ రైల్వేవారి లైసెన్సు పొందినవాడే గాని రైల్వే ఉద్యోగి గాడు. అతని కూలి ప్రయాణికు డిచ్చును. 2008 రైల్వే బడ్జెటులో ఇట్టివారిని గ్యాంగుమెన్లుగా తీసికొందుమని ప్రకటించిరి. అట్లు చేరినవారి భుజబల మొక్కనాడే మారలేదు. రైల్వేతో వారికిగల సంబంధము మారినది. దానితో నెలజీతమును, సెలవును వచ్చినవి.

రైల్వే క్యాంటీనుల పనివారి వ్యాజ్యమును ఇట్టిదే. ఫ్యాక్టరీల చట్టము ననుసరించి నడుపవలసిన క్యాంటీనులలోని పనివారును, అట్టి విధి లేకున్నను రైల్వేవారి గుర్తింపు పొందిన క్యాంటీనులలోని పనివారును రైల్వే ఉద్యోగులే యని 1990లో సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. గుర్తింపు లేని క్యాంటీనులవారికి ఆ ఫలము దక్కలేదు. వంట యొకటే, వడ్డన యొకటే, స్థితి వేరైనది.

మరి ఈ స్థితిని నిర్ణయించుట యెట్లు? 1956లో ధ్రాంగధ్రా కెమికల్ వర్క్స్ వ్యాజ్యములో ఉప్పుమళ్లలో పనిచేయు అగరియాల ప్రశ్న వచ్చినది. వారికి పనివేళల నియమము లేదు; తూకమునుబట్టి కూలి; సాయమునకు వేరు కూలీలను పెట్టుకొను స్వేచ్ఛయు కలదు. అయినను ఉప్పు పండించుటలో అడుగడుగున కంపెనీవారి పర్యవేక్షణ యుండుటచేత వారు గుత్తదారులు గారు, పనివారే యని న్యాయస్థానము నిర్ణయించినది.

ఆంధ్రదేశపు వ్యాజ్య మొకటి ఇంతకంటెను తేటగా నున్నది. హైదరాబాదు ప్రాంతపు దర్జీ దుకాణములలో కుట్టుకూలి పద్ధతిని పనిచేయువారు, దుకాణముల చట్టము క్రింద ఉద్యోగులా కారా అని వివాదము పుట్టినది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ పేర అది సుప్రీంకోర్టుదాక పోయి 1973లో ముగిసినది. వారు ప్రతిదినము రావలెనను నిర్బంధము లేదు, వేరుచోట కుట్టుకొనవచ్చును, కొందరు గుడ్డ ఇంటికి తీసికొనిపోయి కుట్టుదురు. ఇవి స్వతంత్రుని లక్షణములు. కాని మిషను దుకాణదారునిది. కుట్టువలసిన తీరు చెప్పువాడు దుకాణదారుడు. కుట్టు బాగులేనిచో విప్పి మరల కుట్టుమనువాడును అతడే. ఈ రెండవ ప్రక్కనే త్రాసు మొగ్గినది. వారు ఉద్యోగులే యని తీర్పు వచ్చినది. ఏదో యొక్క గుర్తు చాలదు. అన్నిటిని కలిపి తూచవలె నన్నది ఆ తీర్పులోని సారము.

ఆదాయపు పన్ను విషయమునను విచారణ ఇట్లే జరుగును. ఒక బ్యాంకు కోశాధికారి తన ఉమ్మడి కుటుంబపు ఆస్తిని హామీగా పెట్టి కొలువు సంపాదించెను. అతనికి ముట్టినది తన జీతమా, కుటుంబ వ్యాపారపు లాభమా అని ప్రశ్న పుట్టినది. అతడు బ్యాంకు సేవకుడు, అది జీతమే యని 1960లో పియారేలాల్ ఆదీశ్వర్‌లాల్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పెను.

ఇక లెక్కకు వత్తము. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టములో జీతమునుండి పన్ను మినహాయించుటకు 192వ సెక్షను, గుత్తదారునకు 194సి, వృత్తినిపుణుని ఫీజునకు 194జె. 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన 2025 నాటి చట్టములో సంఖ్యలు మారినను ఈ విభజన నిలిచియే యున్నది. ఒక యువకునకు నెలకు 40,000 రూపాయలు, ఏటికి 4,80,000 వచ్చుననుకొందము. అది జీతమైనచో కొత్త పద్ధతిలో పన్ను లేదు గనుక కోతయు లేదు. అదే వృత్తి ఫీజు అని వ్రాసికొన్నచో నూటికి పదివంతున ఏటికి 48,000 ముందే కోతపడును. రిటర్ను దాఖలు చేసినగాని ఆ సొమ్ము తిరిగిరాదు. జీతగానికి కొత్త పద్ధతిలో లభించు 75,000 రూపాయల స్టాండర్డు డిడక్షనును అతనికి లేదు.

అయితే గుత్తదారునకు అన్నియు నష్టములే యనుటయు సత్యము గాదు. నిజముగ స్వతంత్రుడైనవాడు పనిముట్లకు, ప్రయాణములకు, సహాయకుల కూలికి పెట్టిన ఖర్చును రాబడినుండి తీసివేసి మిగిలినదానిపైననే పన్ను కట్టవచ్చును. జీతగాని కట్టి వెసులుబాటు లేదు. పదిమందికి పనిచేసి, ధర తానే చెప్పి, లాభనష్టములు తానే భరించువానికి ఆ మార్గమే తగినది. చిక్కెల్ల స్వాతంత్ర్యము లేకయే స్వతంత్రుడను పేరు మోయువానిది. యజమాని ప్రావిడెంటు ఫండు వాటా, గ్రాట్యుటీ, సెలవు జీతము అతనికి చేరవు. ఖర్చు చూపుటకు అతనికి ఖర్చే యుండదు.

విదేశములలోని తెలుగువారికిని ఈ ప్రశ్న తప్పలేదు. అమెరికాలో జీతగానికి డబ్ల్యు-2 పత్రము, స్వతంత్రునకు 1099 పత్రము వచ్చును. సామాజిక భద్రత, మెడికేర్ పన్నులకు జీతగాడు నూటికి 7.65 చెల్లింప, అంతయే యజమాని చేర్చును. స్వతంత్రుడు 15.3 వంతును తానే భరింపవలెను. బ్రిటనులో ఊబర్ కారు నడుపువారు కనీస వేతనమునకు అర్హులైన పనివారే యని 2021లో అచటి సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. భారతదేశమున 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి గిగ్ పనివారిని వేరుగా నిర్వచించి వారికి పథకముల నేర్పరచు వీలు కల్పించినది. అది 2025 నవంబరు 21న అమలునకు వచ్చినది. కాని వారిని ఉద్యోగులని మాత్రము అనలేదు.

కావున కొలువులో చేరు బిడ్డ సంతకము చేయుటకు ముందు ఇంటివారు ఆ కాగితమును ఒకసారి చదువవలెను. పన్ను ఏ పద్దు క్రింద కోయుదురు? పనివేళలు ఎవరు నిర్ణయింతురు? పనిముట్లెవరివి? వేరొకరికి పనిచేయు స్వేచ్ఛ కలదా? పని చెడినచో నష్టమెవరిది? కోతపడిన పన్ను వివరములు పాన్ సంఖ్యతో ఇన్‌కంటాక్సు శాఖవారి లెక్కలో చూచుకొనవచ్చును. హాజరు చీటీలు, పని ఉత్తరువులు, సొమ్ము ముట్టిన రసీదులు భద్రపరచుకొనవలెను. పన్ను కోసిన పద్దొక్కటే న్యాయస్థానమున తుదిమాట గాదు. పని జరిగిన తీరు చూపు కాగితములే అక్కడ సాక్ష్యము పలుకును. రైల్వే కొలువులో సర్వీసు రిజిస్టరును కార్యాలయమే భద్రపరచును. ఈ కొత్త కొలువులలో ఆ రిజిస్టరును ఎవరికి వారే ఇంటిలో వ్రాసికొనవలసియున్నది.