చలనచిత్రము – స్థలాన్వేషణము



ప్రబంధమునకు అష్టాదశవర్ణనలు ఉండవలెనని మన లాక్షణికులు నియమించిరి. పురము, సముద్రము, పర్వతము, ఋతువులు, చంద్రోదయము మొదలగునవి అందు చేరినవి. వీనివలన కవికి కాసు ఖర్చు లేదు. ఘంటము చేతబట్టినచో కోట లేచును, కొలను నిండును. చలనచిత్రము తీయువాని గతి అట్టిది కాదు. అతడు ‘ఒక పాత యిల్లు’ అని కాగితముపై వ్రాసికొన్నచో, ఎక్కడనో ఒక పాత యిల్లు వెదకవలెను, యజమానిని ఒప్పించవలెను, అద్దె చెల్లించవలెను, తగిన యెండ వచ్చువరకు కనిపెట్టుకొని కూర్చుండవలెను. దృశ్యకావ్యమే గాని, జమాఖర్చుల పుస్తకముతో ముడివడిన కావ్యమిది.

ధనమున్నవారి దారి వేరు. 1957లో విడుదలయిన ‘మాయాబజార్’ చిత్రమున ద్వారకానగరమును చూచి ఆబాలగోపాలము ఆశ్చర్యపడిరి. అది చిట్టి యిండ్లను వరుసలుగా నిలిపి, వానిలో దీపములు పెట్టి నిర్మించిన బొమ్మ నగరము. ఆ నేర్పు కొనియాడదగినదే. కాని అట్టి స్టూడియోయు, అట్టి పనివారును లేనివాడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు వంగదేశమున ఒక చిత్రకారుడు తన పుస్తకములు అమ్ముకొని, భార్య నగలు కుదువబెట్టి సమాధానము చెప్పెను.

ఆయన సత్యజిత్ రాయ్. కలకత్తాలో ఒక ప్రకటనల సంస్థలో బొమ్మలు వేయు ఉద్యోగి. విభూతిభూషణ్ బందోపాధ్యాయ రచించిన ‘పథేర్ పాంచాలి’ నవలను బాలలకై సంగ్రహించి అచ్చువేసినప్పుడు దానికి బొమ్మలు వ్రాసినవాడు ఆయనయే. ఒక పుస్తకమును చదివి, దానిని బొమ్మలుగా చూచి, ఆ బొమ్మలకు తగిన ఊరిని వెదకుచు పోయిన మనుష్యుని కథ గ్రంథాలయ సభలో చెప్పుకొనదగినదే. 1950లో ఆయన లండను నగరమునకు పోయినప్పుడు ఇటలీవారి ‘బైసికిల్ థీవ్స్’ అను చిత్రమును చూచెను. డిసీకా అను దర్శకుడు రోము నగరపు వీధులలోనే, నటన వృత్తి కానివారిని ప్రధాన పాత్రలలో నిలిపి తీసిన చిత్రమది. వీధియే రంగస్థలము కాగలదని రాయ్ గారికి ఆనాడు నిశ్చయమైనది.

1952 అక్టోబరు 27న పని ఆరంభమైనది. బర్ద్వాను సీమలో పాల్సిట్ అను చోట, రైలుకట్ట ప్రక్కన, విశాలమయిన బయలు. అందు కాశపుష్పములు, అనగా మన రెల్లుపూలు, తెల్లగా విరియబూచి యుండెను. కథలోని అక్కాతమ్ములు ఆ పూల నడుమ పోయి తొలిసారి రైలును చూడవలెను. మన నన్నయభట్టారకుని భారతరచన శరద్రాత్రి వర్ణనమునొద్దనే నిలిచిపోయినదని ఇచ్చటి చదువరులెరుగుదురు. వంగకవులకును శరత్తనిన రెల్లుపూలే. పూలకు వెల లేదు, బయలునకు అద్దె లేదు. ఒకనాడు కొంత భాగము తీసిరి. మిగిలినది తీయుటకు వారము దినములకు మరల పోగా అచ్చట పూవన్నది లేదు! ఈ నడుమ పశువులు మేసిపోయినవి.

పశువులను ఏమనగలము? వాని దృష్టిలో అది మేత. క్రొత్త పూలు తెచ్చి నాటించుటకు దర్శకునికడ ధనము లేదు. మరుసటి శరత్తు వచ్చి పూలు మరల పూచిన పిమ్మటనే ఆ దృశ్యము పూర్తి చేసిరి. ఇచ్చట చిట్టా వ్రాయువాడు ఒక సంగతి గమనింపవలెను. ఆ స్థలమునకు రొక్కమేమియు పడలేదు గాని, ఒక సంవత్సరము పడినది. కాలమును ఖర్చు వ్రాయనివాని లెక్క ఎన్నటికిని తేలదు. రైలు కూడ కొన్నది కాదు. ఆ దారిని వచ్చిపోవు బండ్లనే కనిపెట్టి యుండి, వేరువేరు బండ్లపై తీసిన ముక్కలను అతికి, చూపరులకు ఒక్క రైలుగా కనబడునట్లు చేసిరి. నల్లని పొగ తెల్లని పూలమీదుగా సాగిపోవు ఆ దృశ్యమునకు సాటివచ్చునది లక్షలు పోసి కట్టిన సెట్టులలో ఎన్ని కలవు?

ఇక యిల్లు. కలకత్తాకు దాపుననే యున్న బోరాల్ గ్రామమున ఒక శిథిలగృహము దొరకినది. నెలకు 50 రూపాయల అద్దె. దానిని కథకు తగినట్లు బాగుచేయించి, పగటి దృశ్యములను అందు తీసిరి. రాత్రి దృశ్యములకు దీపములు కావలెను గనుక వానిని మాత్రము స్టూడియోలో తీసిరి. ఏది బయట తీయవలెను, ఏది లోపల తీయవలెను అను ఈ వివేకమే పొదుపునకు మూలము. అంతయు సహజముగానే యుండవలెనని మొండిపట్టు పట్టినవాడును చెడును. ‘పథేర్ పాంచాలి’ తరువాతి భాగమయిన ‘అపరాజితో’ (1956)లో కాశీలోని యింటి ముంగిలిని, వానల భయమువలన, స్టూడియో లోపలనే కట్టవలసి వచ్చెను. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పైని తెల్లని గుడ్డ కట్టి, దీపపు కాంతిని దానిమీదికి పంపి, అచ్చటినుండి మెత్తగా క్రిందికి జారునట్లు చేసెను. అది ఆకాశపు వెలుగే యనిపించును. గుడ్డకు ఏపాటి ఖర్చు?

అయినను అద్దె స్వల్పమయినంతమాత్రమున పని సులభమని తలపరాదు. ధనము చాలక పని నెలల తరబడి ఆగిపోయెను. నెలలు గడచుచున్నవి, బాలుని గొంతు మారినచో, బాలిక పెరిగిపోయినచో, ఎనుబదేండ్ల ముదుసలి నటి చునీబాలాదేవి కన్నుమూసినచో సర్వము వ్యర్థమే. ఈ మూడును జరుగకుండుట అద్భుతమని దర్శకుడే తరువాత చెప్పుకొనెను. తుదకు పశ్చిమవంగ ప్రభుత్వము ధనమిచ్చెను. చిత్రము పేరున ‘దారి’ అను మాట యుండుటచే ఆ మొత్తమును రోడ్ల పద్దున వ్రాసిరని చెప్పుదురు. ఎట్టి గుమాస్తా వ్రాసెనో గాని, అంతకంటె మంచి దారి ఆ పద్దున పడియుండదు! అంతయు కలిపి లక్షన్నర రూపాయల ప్రాంతమున ముగిసిన ఆ చిత్రము 1955లో విడుదలయి, 1956లో కేన్స్ ఉత్సవమున ఉత్తమ మానవపత్రమను బహుమానమునందెను.

మన సీమలోను ఈ మార్గమున నడచినవారు కలరు. బాపు గారు తమ తొలి చిత్రము ‘సాక్షి’ (1967)ని గోదావరీతీరమున పులిదిండి గ్రామమునకు పోయి, నటులకు రంగులు పూయక తీసిరి. కథానాయకుడు బల్లకట్టు నడుపువాడు. ఏటిగట్టు, తోటలు, ఊరి వీధులు కథలో పాత్రలవలె మెలగినవి. వంగదేశీయుడే యయిన గౌతమ్ ఘోష్ 1979లో తెలంగాణ రైతుల పోరాటమును గూర్చిన ‘మా భూమి’ని తీయుటకు మెదకు జిల్లాలోని మంగళపర్తి గ్రామమునకు వచ్చెను. ఆ మట్టిగోడలను స్టూడియోలో కట్టి యుండిన, ఆ కథ కథగానే మిగిలెడిది.

ఊరివారి పక్షమున ఒక మాట చెప్పక తప్పదు. తక్కువ ఖర్చనగా పొలముగట్టు త్రొక్కి, గడ్డివాములు చెరచి, వందనములు చెప్పి పోవుట యని కొందరు తలంతురు. అద్దె స్వల్పమైనను ముందుగా మాటాడి, కాగితముపై వ్రాసి, దినములెన్నియో తేల్చుకొనుట ఇరువురికిని మేలు. పంచాయతీ స్థలమునకు పంచాయతీని, గుడికి ధర్మకర్తలను అడుగవలెను. పురావస్తుశాఖ రక్షణలోని కట్టడములలో అనుమతి లేక చిత్రములు తీయరాదు. ఊరివారును, పట్టణమునుండి వచ్చినవాడు గదాయని పదింతలడిగినచో అతడు పొరుగూరికి పోవును.

నేడు చేతిఫోనుతోనే చిత్రములు తీయు యువకులు ఊరూర కలరు. వారికి యంత్రముకంటె ముందు ఒక పంచాంగము కావలెను. గోదావరి కాలువలు వేసవిలో కట్టివేయుదురు. అప్పుడు పోయినవానికి పడవ దృశ్యము దొరకదు. మోదుగులు ఫాల్గుణమున ఎఱ్ఱగా పూచును. లంకలలో రెల్లు ఆశ్వయుజమున తెల్లబడును. ఏ బయలునకు మందలు ఎన్నడు తోలుదురో పుస్తకములలో నుండదు. దానికి ఆ యూరి పశులకాపరినే అడుగవలెను.