తొలుచువాండ్రు

ఈరోజు మీరు న్యాయశాస్త్రంలో పట్టాలు అందుకుంటున్నారు. మనం కూర్చున్న ఈ శామీర్‌పేటకు కొద్ది దూరంలోనే కీసరగుట్ట ఉంది. శివరాత్రి జాతరకు వెళ్లినవాళ్లకు అక్కడి రామలింగేశ్వరుడి గుడి తెలుసు. ఆ గుట్ట మీద ఒక బండకు చెక్కిన చిన్న శాసనం సంగతి అంతమందికి తెలియదు. అందులో ఉన్నది ఒక్కటే మాట: తొలుచువాండ్రు. రాళ్లు తొలిచేవాళ్లు అని అర్థం. అది విష్ణుకుండినుల కాలానిదని, సుమారు 5వ శతాబ్దానిదని పరిశోధకులు చెబుతారు. తెలంగాణ నేల మీద దొరికిన అతి పాత తెలుగు మాటల్లో అదొకటి. అందులో రాజు పేరు లేదు, బిరుదులు లేవు, దానం ఇచ్చిన భూమి కొలతలు లేవు. ఏలికల శాసనాలు సంస్కృత ప్రాకృతాల్లో నడుస్తున్న రోజుల్లో, పని చేసేవాళ్ల మాటలో పని చేసేవాళ్ల ఊసు అక్కడ మిగిలింది. అదీ బహువచనంలో. రాయాలన్న కోరిక మీలో ఎవరికైనా ఉంటే, ఆ కోరికను ఎలా నిలబెట్టుకోవాలి, ఎవరి దారిలోనో కాక తన దారిలో ఎలా నడవాలి అన్న విషయాన్ని ఆ బండ దగ్గర మొదలుపెడదామని నా ఉద్దేశం.

రచయిత కావాలనుకునేవాళ్లకు ఎక్కువగా వినిపించే సలహా, నీ గొంతు నువ్వు వెతుక్కో అని. వినడానికి బాగుంటుంది గానీ ఈ సలహా వల్ల చాలామంది తమలోకి తాము చూసుకుంటూ, అక్కడ ఏమీ కనిపించక, కలం పక్కన పెట్టేస్తారు. నేను గమనించినంతలో తెలుగులో నిలిచిన రచయితల దారి వాళ్ల లోపల దొరికింది కాదు. వాళ్లున్న చోటు, చేస్తున్న పని వాళ్ల ముందు ఒక ప్రశ్న పెట్టింది. ఆ ప్రశ్నకు సమాధానం దొరికేదాకా వాళ్లు దాన్ని వదల్లేదు. పట్టుదల అనే మాటకు నేను ఇచ్చే అర్థం ఇంతే. ఒకే రకం రచనను ఏళ్ల తరబడి పట్టుకు వేలాడడం పట్టుదల అనిపించుకోదు. ప్రశ్న మారకుండా ఉండాలి. దాని కోసం రాసే తీరు పదిసార్లు మారినా ఫరవాలేదు.

ఇందుకు అందరికంటే పెద్ద సాక్షి మీలాగే న్యాయశాస్త్రం చదివినవాడు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1896లో పుట్టారు, బి.ఎల్. చేశారు. మన మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోనే, బాచుపల్లిలో ఉన్న తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో పెట్టిన పేరు ఆయనదే. ఆయన చదువుకుని వచ్చేనాటికి హైదరాబాదు రాజ్యంలో కచేరీల భాష, కోర్టుల భాష, పెద్ద చదువుల భాష ఉర్దూ. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి ఎగతాళి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1926 మే 10న ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. మొదట అది వారానికి రెండుసార్లు వచ్చేది. రాసేవాళ్లు చాలక, పత్రిక నిండాలి గనుక, ఆయనే రకరకాల మారుపేర్లతో వ్యాసాలు, కథలు, పద్యాలు రాసేవారు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాట ఒకటి బయటికి వచ్చినప్పుడు ఆయన దానికి ఆవేశంగా ఒక సంపాదకీయం రాసి ఊరుకుని ఉండవచ్చు. అలా చేయలేదు. వకీలు చేయాల్సిన పనే చేశారు, సాక్ష్యం సేకరించారు. ఊరూరి నుంచీ కవుల పద్యాలు, వివరాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. లేరన్న మాటకు అదే జవాబు.

అయితే ప్రశ్న అక్కడితో తీరలేదు. కవులున్నారని తేలింది, మరి మనుషుల సంగతేమిటి? రాజుల యుద్ధాల చరిత్రలో ఎక్కడా కనిపించని రైతు, కంసాలి, పూటకూళ్లమ్మ, బోయ, కోమటి ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు? ఇందుకు దానపత్రాలు చాలవు, ఊళ్ల చరిత్రలు రాసిన కైఫీయతులూ అన్నిటికీ పలకవు. అప్పుడాయన కావ్యాల్ని సాక్షుల బోనులోకి పిలిచారు. కావ్యం అతిశయోక్తుల పుట్ట, దాన్ని ఎలా నమ్ముతామని మీరు అడగొచ్చు, అడగాల్సిందే. అయితే సాక్ష్యం సంగతి మీకు నేర్పిన పాఠం ఒకసారి గుర్తు చేసుకోండి. తనకు లాభం ఉన్నచోట సాక్షి అబద్ధమాడొచ్చు. ఏ లాభమూ లేనిచోట, ఏమరుపాటుగా నోరుజారిన మాటకు విలువ ఎక్కువ. రాజును ఇంద్రుడితో పోల్చిన కవిని నమ్మనక్కర్లేదు. అదే కవి కథ నడపడం కోసం ఓరుగల్లు వీధిలోని పూటకూళ్లింట్లో భోజనం ఒక రూకకు దొరుకుతుందని చెప్పినప్పుడు, అబద్ధమాడి అతనికి ఒరిగేదేమీ లేదు. క్రీడాభిరామాన్ని, పాల్కురికి సోమన రచనల్ని, ఆముక్తమాల్యదను, శుకసప్తతిని, హంసవింశతిని ఆయన ఈ కంటితో చదివారనే నేను అనుకుంటాను. తూర్పు చాళుక్యుల దగ్గర నుంచి 1907 దాకా నడిచే ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో అచ్చయింది. పత్రిక పెట్టిన రోజు నుంచి లెక్కవేస్తే 23 ఏళ్లు. మధ్యలో 1930లో జోగిపేట ఆంధ్ర మహాసభకు అధ్యక్షత, పత్రిక అప్పులు, ప్రభుత్వం కన్ను. ఇన్నిటిలోనూ అడిగింది ఒకటే: ఇక్కడి మనుషులు లెక్కలోకి ఎందుకు రారు? తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. ఆయన 1953లోనే కన్నుమూశారు.

ఇది చదువూ పలుకుబడీ ఉన్నవాళ్లకు కుదిరే మాట అని ఎవరైనా అంటే, వట్టికోట ఆళ్వారుస్వామిని చూపిస్తాను. 1915లో నల్లగొండ ప్రాంతంలో పుట్టి, చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని, ఇంకొకరి ఇంట్లో వంట చేస్తూ, హోటల్లో సర్వరుగా పనిచేస్తూ గ్రంథాలయంలో చదువుకున్న మనిషి. తర్వాత గోలకొండ పత్రికలోనే ప్రూఫులు దిద్దారు. ప్రూఫులు దిద్దే పని ఎలాంటిదో అచ్చాఫీసుల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. రాసినవాడు అనుకున్న మాటకూ కాగితం మీదికి ఎక్కిన మాటకూ మధ్య తేడాను అక్షరం అక్షరం పట్టుకోవాలి. ఆ పనిలోంచి ఆయన ముందుకొచ్చిన ప్రశ్న ప్రతాపరెడ్డి గారిది కాదు: ఈ అచ్చయిన మాట పల్లె దాకా ఎలా చేరుతుంది? అందుకు దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ముప్ఫైకి పైగా పుస్తకాలు వేశారు, తానే మోసుకెళ్లి అమ్మారు. జైళ్లలో ఏళ్లు గడిపారు. ఆ తర్వాతే ప్రజల మనిషి నవల. అంటే ముందు ఇతరుల పుస్తకాలు మోసిన చేతులు తర్వాత తన పుస్తకం రాశాయి. విశాఖపట్నంలో రాచకొండ విశ్వనాథశాస్త్రి గారిది మరో రకం. ఆయనా ప్లీడరే. మద్యనిషేధం రోజుల్లో సారా కేసుల్లో బోనెక్కే పేదవాళ్లను, పోలీసులను, దొంగ సాక్షులను దగ్గరగా చూశారు. ఆరు సారా కథలు కోర్టు వరండాను కథలోకి తెచ్చాయి. కోర్టు పని రచనకు అడ్డమని ఆయన అనుకుని ఉంటే ఆ కథలు మనకు ఉండేవి కావు.

మూడు అభ్యంతరాలు నాకు గట్టిగా వినిపిస్తున్నాయి. ఒకటి పొట్ట సంగతి. చదువు కోసం చేసిన అప్పు వాయిదా వచ్చే నెల నుంచే మొదలవుతుంది, ఇప్పుడు రాత గురించి మాట్లాడితే ఎలా అని. నిజమే. ఉద్యోగం మానేసి రాస్తూ కూర్చోమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. నేను చెప్పిన ముగ్గురూ మరో పని చేస్తూనే రాశారు, ఆ పనే వాళ్లకు సరుకిచ్చింది. ఆకలిని గొప్పచేసే మాటలు కడుపు నిండినవాళ్లు కల్పించినవి. రెండోది, ఇప్పుడు యంత్రం అడిగిన క్షణంలో వ్యాసం రాసిపెడుతుంటే మనిషి పట్టుదలకు విలువేముంది అన్నది. యంత్రం ఎక్కడో ఒకచోట అక్షరాల్లోకి ఎక్కిన సంగతిని నున్నగా తిప్పి చెప్పగలదు. 354 మంది కవుల పద్యాలు ఒకచోట అచ్చుకాక ముందు దాన్ని అడిగి ఉంటే, తెలంగాణలో కవులు లేరనే చెప్పేది. రాయని సంగతి దగ్గరికి మనిషే నడిచి వెళ్లాలి. ఈ రెండూ నన్ను పెద్దగా కలవరపెట్టవు.

మూడోది మాత్రం నిజంగా బరువైనది. పట్టుదలతో గెలిచినవాళ్ల పేర్లే చెబుతున్నారు, అంతే పట్టుదలతో రాసి ఎవరికీ తెలియకుండా పోయినవాళ్ల మాటేమిటి? దీనికి తేలిక జవాబు చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. పట్టుదల పేరు తెచ్చిపెడుతుందని ఏ హామీ లేదు. గోలకొండ కవుల సంచికలోని 354 మందిలో పదిమంది పేర్లు చెప్పమంటే సాహిత్యం చదివినవాళ్లే తడుముకుంటారు. ఎక్కడో సంస్థానాల మారుమూల, చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు మించి ఎవరికీ తెలియకుండా, అచ్చు మొహం చూస్తామన్న ఆశ లేకుండా పద్యాలు కట్టినవాళ్లు వాళ్లలో ఎందరో. ఇప్పుడు ఒక్కటి ఆలోచించండి. వాళ్లు విసిగి మానేసి ఉంటే ప్రతాపరెడ్డి గారి చేతిలో ఏ సాక్ష్యం ఉండేది? తెలంగాణలో కవులు లేరన్న మాట నిజమై కూర్చునేది. ఆ మాటను కొట్టేసింది సంపాదకుడి ప్రతిభ ఒక్కటే కాదు, పేరు రాకపోయినా రాస్తూపోయినవాళ్ల రాత. మరుగున పడిపోయినవాళ్లని మనం అనుకునేవాళ్లే ఆ వాదాన్ని గెలిపించారు. కాబట్టి ఎవరి దారి వ్యర్థమైందో బతికుండగా తేల్చే అధికారం మనకు లేదనే నేను నమ్ముతున్నాను.

ఇక మీ ముందున్న ప్రశ్న ఏది? అది మీరే తేల్చుకోవాలి, కానీ ఈ చోటు కొన్నిటిని ఎదురుగా పెడుతోంది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఒకప్పుడు ద్రాక్ష తోటలుండేవి. ఇప్పుడు ఆ నేల వెంచర్లుగా, గోదాములుగా, అవుటర్ రింగు రోడ్డు పక్క ప్లాట్లుగా మారింది. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీలో ప్రపంచానికి టీకాలు తయారవుతున్నాయి. రేపు మీలో చాలామంది చేతికి వచ్చే మొదటి కేసు ఇలాంటి నేల గురించే కావచ్చు. అప్పుడు భూమి రికార్డైన ఒక పాత పహాణీ నకలు మీ బల్ల మీదికి వస్తుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, తరి, ఖుష్కి, చెరువు శిఖం. ఒక గడిలో పట్టాదారు పేరు, ఇంకో గడిలో అనుభవదారు పేరు. కొన్ని చోట్ల రెండూ ఒకటే. కొన్ని చోట్ల పట్టా ఒకరిది, దున్నింది ఇంకొకరు. ఏళ్ల తరబడి ఆ రెండో గడిలో అదే పేరు, తర్వాత అది ఇక కనిపించదు. ఆ మనిషి ఎటు వెళ్లాడు? కేసుకు ఆ సంగతి అక్కర్లేకపోవచ్చు, జడ్జి గారు అడగకపోవచ్చు. ఆ రెండు గడుల మధ్య ఉన్న సన్నటి గీత వెంట వెళ్తే ఒక నవల ఉంది, ఒక సాంఘిక చరిత్ర ఉంది. ఆ కాగితం చదవడం వచ్చినవాళ్లు కొద్దిమంది. అందులో మనిషిని కూడా చూడగలిగేవాళ్లు ఇంకా తక్కువ. మీకు చదవడం ఇక్కడ నేర్పారు.

ఇంగ్లిషులో చదువుకున్నాం, తెలుగులో రాయడం మా వల్ల అవుతుందా అని కొందరు సంకోచిస్తారు. ప్రతాపరెడ్డి గారి లా పుస్తకాలూ తెలుగులో లేవు. మీ దగ్గరికి వచ్చే రైతు తన భూమి గురించి వచ్చిన ఉత్తర్వు పట్టుకుని, ఇందులో ఏముంది బిడ్డా అని అడుగుతాడు. అతనికి అర్థమయ్యేలా ఆ ఉత్తర్వును పది వాక్యాల తెలుగులో చెప్పి, ఆ పది వాక్యాలూ సాయంత్రం కాగితం మీద పెట్టి, తారీఖు వేసి దాచండి. మరుసటి వారం ఇంకో మనిషి ఇంకో కాగితంతో వస్తాడు. అతని పదీ రాయండి. ఏడాదికి మీ దగ్గర ఒక కట్ట తయారవుతుంది. అందులో మళ్లీ మళ్లీ వచ్చే పేర్లేవో, ఊళ్లేవో, మాటలేవో అప్పుడు కూర్చుని చూడండి.