పోసిన చేతికిని బాధ్యత కలదు

నేడు పట్టములు స్వీకరించుచున్న యువతీయువకులారా,

చిరకాలము విశాఖపట్టణ జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ చోడవరము చెరకు పండు నేల. గోవాడ సహకార చక్కెర కర్మాగారమునకు తరలిపోవు చెరకును చూచుచు పెరిగినవారు మీలో పెక్కురు. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్ నుండియు మద్యమునకు మూలమైన స్పిరిట్టు పుట్టుచున్నది గనుక, ఈ మద్యపు విషయము మనకు పరాయిది కాదు. త్రాగువాని దోషమును గూర్చి పెద్దలు మీకు చాల చెప్పియుందురు. పోయువాని బాధ్యతను గూర్చి చెప్పుటకు నేను వచ్చితిని.

2016 జూలై 1న హైదరాబాదు పంజగుట్టలో, బారులో త్రాగి బయలుదేరిన విద్యార్థుల కారు అదుపు తప్పి, ఎదుట వచ్చుచున్న మరియొక కారుపై పడగా, అందున్న చిన్న బాలికయు, ఆమె పినతండ్రియు, తాతయు కొలది దినముల వ్యవధిలో అసువులు బాసిరి. త్రాగినవారు మీ యీడువారే. ఇరువదియొక్క సంవత్సరములు నిండనివారికి మద్యమిచ్చిరను అభియోగముపై బారు నిర్వాహకులపైనను పోలీసులు కేసు నమోదు చేసిరి. ఆనాడు వయస్సడిగిన సేవకుడొక్కడున్నను ఆ కుటుంబము నిలిచియుండెడిదేమో యను తలంపు నన్నిప్పటికిని బాధించుచున్నది.

మన చట్టమున ఈ బాధ్యతకు బీజము లేకపోలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమందలి 185వ సెక్షను, నూరు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలున్నవాడు వాహనము నడపుట నేరమనుచున్నది. అంతగా ఎవరి దృష్టికిని రాని 188వ సెక్షను ఆ నేరమునకు ప్రేరేపించి తోడ్పడినవానికిని అదే శిక్ష విధించుచున్నది. అయినను, తెలిసియే తోడ్పడెనని రుజువు చేయుట దుష్కరము. మృతుని కుటుంబము పరిహారమునకై ట్రిబ్యునలుకు పోయినచో, డ్రైవరు, వాహన యజమాని, బీమా సంస్థ ప్రతివాదులగుదురు. సీసాపై లాభము గడించినవాడు మాత్రము సాధారణముగా ఆ కాగితములలో కనిపించడు.

అందుకు భిన్నముగా, అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రము 1872లోనే మద్యవిక్రేతపై దావా వేయు హక్కును బాధితులకు ఇచ్చినది. కెనడాలో ఒక హోటలువారు తమకు చిరపరిచితుడైన వ్యక్తికి మితి మీరి పోసి, రాత్రివేళ రహదారిపైకి గెంటివేయగా, అతడు కారు క్రింద పడి గాయపడెను. ఆ నష్టములో మూడవ వంతు హోటలే భరింపవలెనని ఆ దేశపు సుప్రీంకోర్టు 1973లో తీర్పు చెప్పినది. ఇంటిలో విందు చేసిన గృహస్థు మాటయో? 1984లో న్యూజెర్సీ న్యాయస్థానము అతనిని బాధ్యుని చేయగా, 2006లో కెనడా సుప్రీంకోర్టు సామాన్యముగా అంత బాధ్యత లేదన్నది. లాభమునకై అమ్మువానిని, స్నేహమునకై పోయువానిని ఒకే త్రాసున తూచరాదనియే నా అభిప్రాయము. అయినను అతిథి తూలుచు తాళపుచెవి తీయుటను కన్నులారా చూచి మౌనము వహించిన గృహస్థును నేను నిర్దోషి యనజాలను.

పోయువానికిని బాధ్యత కలదను ఈ భావమును మనము పరదేశము నుండి అరువు తెచ్చుకొనవలసిన పనిలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మొదలుగా లేచిన తల్లులు, త్రాగి యింటికి వచ్చిన మగనిని నిందించి యూరకొనక, సారా దుకాణముల యెదుటను, వేలంపాటల యెదుటను నిలిచి, బాధ్యత అచ్చట నున్నదని లోకమునకు చాటిరి. 1993లో సారాయమును, 1995లో సంపూర్ణముగా మద్యమును ప్రభుత్వము నిషేధింపవలసివచ్చెను. ఆ సంపూర్ణ నిషేధము 1997లో సడలినది. 2019 అక్టోబరు నుండి అయిదేండ్లు మన రాష్ట్రమున ప్రభుత్వమే దుకాణములు నడిపినది. ఇపుడవి మరల ప్రైవేటువారివి. అమ్మకపు చేయి మారినది గాని, బాధితుని హక్కు మారలేదు. ఊరూర వెలయు బెల్టు షాపునకైతే అడుగువాడే లేడు.

మిత్రులారా, మీలో న్యాయవాదులు కానున్నవారు, త్రాగి నడపినవాని వలన మరణించినవారి పక్షమున దావా వేయునపుడు, సాక్ష్యమున్నచోట మద్యము పోసిన బారును గూడ ప్రతివాదిగా చేర్చి న్యాయస్థానమును నిర్ణయ మడుగుడు. ఎక్సైజు ఉద్యోగులు కానున్నవారు లైసెన్సు రుసుముతో పాటు వయస్సు విచారణను గూడ లెక్క చూడుడు. పెండ్లిపందిరిలో ఆతిథ్యమిచ్చువారు, త్రాగిన బంధువునకు పడకయో, వేరొక డ్రైవరునో సమకూర్పక గడప దాటనీయకుడని ప్రార్థించుచున్నాను.