ఏ పాట వస్తుందో తెలీదు, అయినా వారం ముందే టెన్షన్ | స్ట్రింగ్ చీజ్ ఇన్సిడెంట్

ఈరోజు ఒక వింత పేరున్న బ్యాండ్ గురించి మాట్లాడుకుందాం. ది స్ట్రింగ్ చీజ్ ఇన్సిడెంట్. స్ట్రింగ్ చీజ్ అంటే పోగులు పోగులుగా చీల్చుకుని తినే చీజ్, అంతే. పేరు చూసి కామెడీ బ్యాండ్ అనుకోకండి. 1993లో అమెరికాలో, కొలరాడో కొండల్లో ఉన్న క్రెస్టెడ్ బట్ అనే చిన్న ఊళ్లో మొదలైంది. వీళ్ల ప్రతి కచేరీనీ ఫ్యాన్స్ ముద్దుగా "ఇన్సిడెంట్" అంటారు.

వీళ్ల మ్యూజిక్‌కి పునాది బ్లూగ్రాస్. కెంటకీకి చెందిన బిల్ మన్రో 1940ల్లో నిలబెట్టిన సంగీతం అది. బాంజో, ఫిడేలు, మాండలిన్, గిటార్, బేస్. స్పీడ్ మామూలుగా ఉండదు, ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి వాయిస్తారు. జామ్ బ్యాండ్ అంటే ఇంకోటి. రికార్డులో నాలుగు నిమిషాలున్న పాట స్టేజి మీద ఇరవై నిమిషాలు సాగొచ్చు. ఈ పద్ధతికి పెద్దన్న గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్. అందులోని జెర్రీ గార్సియా 1973లో ఓల్డ్ అండ్ ఇన్ ది వే అనే బ్లూగ్రాస్ బ్యాండ్‌లో బాంజో కూడా వాయించాడు. అంటే ఈ రెండింటికీ చుట్టరికం పాతదే.

స్ట్రింగ్ చీజ్‌లో మైకేల్ కాంగ్ వాయించేది ఎలక్ట్రిక్ మాండలిన్. ఆ మాట వినగానే మనకి గుర్తొచ్చేది ఇంకెవరు, మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారే కదా! సంగీతం పూర్తిగా వేరు, కానీ ఆ చిన్న వాయిద్యానికి కరెంటు తగిలించి పెద్ద సభని కదిలించడం ఇద్దరిలోనూ ఉంది. కర్ణాటక కచేరీలో కల్పనాస్వరాల కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నవాళ్లకి జామ్ అంటే ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదు.

సరే, షో దగ్గర పడితే ఫ్యాన్స్ ఏం చేస్తారు? ముందు లెక్కలు. నిన్న ఏ పాటలు వాయించారు, ఏది వాయించి చాలా కాలమైంది, ఏ పాటలోంచి ఆపకుండా ఏ పాటలోకి దూకుతారు. ప్రతి రాత్రీ లిస్ట్ మారుతుంది కాబట్టి మూడు రోజుల షో ఉంటే మూడు రోజులూ వెళ్లేవాళ్లున్నారు. రెడ్ రాక్స్ అని డెన్వర్ పక్కన రెండు పెద్ద ఎర్ర బండల మధ్య ఓపెన్ థియేటర్ ఉంది. దాదాపు 9,500 మంది పడతారు. అక్కడ షో అంటే పార్కింగ్‌లోనే సగం తిరునాళ్ల. టికెట్ దొరకనివాళ్లు ఒక వేలు పైకెత్తి తిరుగుతారు, ఎవరైనా ఒక్క టికెట్ ఇస్తారేమోనని.

ఇక్కడే అసలు గొడవ. టికెట్ రేటు ఒకటి, చివర్లో కట్టేది ఇంకోటి. సర్వీస్ ఛార్జీ బాధ మనకీ తెలిసిందే. ఈ బ్యాండ్ తన టికెట్లు తనే ఫ్యాన్స్‌కి అమ్ముకోవాలని చూసింది, దానికి అడ్డం పడుతోందని 2003లో టికెట్‌మాస్టర్ మీద కేసు వేసింది. మరుసటి ఏడాది రాజీ అయింది. కానీ 2012లో చేసింది చూడండి, అది నాకు భలే నచ్చింది. లాస్ ఏంజిలిస్‌లోని గ్రీక్ థియేటర్‌లో షో. సుమారు 50 మంది ఫ్యాన్స్, ఫ్రెండ్స్ చేతుల్లో మొత్తం 20,000 డాలర్ల క్యాష్ పెట్టి బాక్సాఫీస్ దగ్గర లైన్‌లో నిలబెట్టారు! మనిషికి ఎనిమిది టికెట్లు, ఒక్కోటి 49.95 డాలర్లు. అలా తెచ్చిన దాదాపు 400 టికెట్లని బ్యాండ్ తన వెబ్‌సైట్‌లో అదే 49.95కి మళ్లీ అమ్మింది. ఆన్‌లైన్‌లో కొంటే టికెట్‌కి ఇంకో 12 డాలర్ల దాకా పడేది.

5,900 మంది పట్టే చోట 400 టికెట్లు ఎంత? ఏమీ కాదు, నిజమే. కంపెనీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కానీ తన ఫ్యాన్ జేబు గురించి లైన్‌లో మనిషిని పెట్టేంత ఆలోచించిన బ్యాండ్లు ఎన్ని ఉన్నాయి చెప్పండి? ఆ ఫ్యాన్స్ వందల మైళ్లు డ్రైవ్ చేసి ఎందుకొస్తారో నాకైతే అర్థమైంది.

మీరు వినాలనుకుంటే స్టూడియో ఆల్బమ్‌తో మొదలుపెట్టొద్దు. 2002 నుంచి "ఆన్ ది రోడ్" పేరుతో వీళ్ల లైవ్ షోలు రిలీజ్ అయ్యాయి. ఒకే పాట, రెండు వేర్వేరు రాత్రులవి పక్కపక్కన పెట్టి వినండి, హెడ్‌ఫోన్స్ మస్ట్. ఎక్కడ పాట వదిలేసి బయటికెళ్లారు, ఎక్కడ తిరిగి పట్టుకున్నారు, టైమ్ నోట్ చేసి కామెంట్‌లో పెట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!